డి విటమిన్ గోళీ కొనే ముందు షీటు వెనక్కి తిప్పండి

ఖమ్మంలో వైరా రోడ్డు మీద మాకో మందుల షాపు ఉంది. బీ ఫార్మసీ చదివి, పెళ్లయ్యాక మామగారి పక్కనే కౌంటర్‌లో కూర్చున్నాను. ఒకప్పుడు నీరసంగా ఉందంటే జనం బీ కాంప్లెక్స్ అడిగేవారు, ఇప్పుడు డి అడుగుతున్నారు. "మోకాళ్లు గుంజుతున్నయమ్మా, డి తక్కువుందన్నరు, మంచి కంపెనీది ఒకటియ్యి" అంటారు. ఆ "మంచి కంపెనీ" అన్న మాట దగ్గరే సగం మంది తప్పుదారి పడతారు. కంపెనీ సంగతి చివర్న చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది షీటు వెనకాల సన్నగా రాసిన మందు పేరు, దాన్ని రోజుకి లెక్కేస్తే వచ్చే యూనిట్లు, ఆ పైన మీరు దాన్ని దేంతో మింగుతున్నారన్నది. ఇవి సరిగ్గా ఉంటే చవక జనరిక్ గోళీతోనూ రక్తంలో అంకె పెరుగుతుంది. లేకపోతే ఎంత ఖరీదు పెట్టినా పెరగదు.

నేను డాక్టర్ని కాదు. ఎవరికి ఎంత డోసు, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ రాయాలి. ఆయన రాసిన దానికి, మీ చేతికి వచ్చిన దానికి మధ్య ఎక్కడ తేడా జరుగుతుందో మాత్రం కౌంటర్ ఇవతలి నుంచి నాకు బాగా కనిపిస్తుంది.

రిపోర్టులో ఏ లైను చూడాలి

మీరు చూడాల్సిన లైను 25-హైడ్రాక్సీ విటమిన్ డి. ఒంట్లో నిల్వ ఎంతుందో చెప్పేది అదే. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకో టెస్టు ఉంటుంది, పేరు చూస్తే ఇంకా గొప్పదేమో అనిపిస్తుంది. అది కిడ్నీలు తయారుచేసే చురుకైన హార్మోన్‌ని కొలుస్తుంది. నిల్వ అడుగంటినా ఆ అంకె మామూలుగానే, ఒక్కోసారి ఎక్కువగా కూడా ఉండొచ్చు. డాక్టర్ ప్రత్యేకంగా రాస్తే తప్ప దాని జోలికి పోకండి.

మన ల్యాబులు ఎక్కువగా మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో ఇస్తాయి. 20 కంటే తక్కువైతే లోపం, 20 నుంచి 30 మధ్యలో ఉంటే చాలదు అని రిపోర్టు అడుగున రాస్తారు. ఈ గీతల మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. ఎముకల ఆరోగ్యానికి 20 చాలామందికి సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2010లోనే చెప్పింది. 30 కావాలని 2011లో అన్న ఎండోక్రైన్ సొసైటీ (అమెరికాలోని హార్మోన్ డాక్టర్ల సంఘం), 2024లో తన మార్గదర్శకాలు మార్చుకుని ఆ గీతను వదిలేసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊరికే ఈ టెస్టు చేయించుకోవద్దని కూడా చెప్పింది. అందుకని 24 వచ్చిందని టెన్షన్ పడేవాళ్లను నేను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. 8 వచ్చినవాళ్ల సంగతి వేరు, వాళ్లు కోర్సు సరిగ్గా వాడాల్సిందే.

లండన్, దుబాయ్ వైపు నుంచి రిపోర్టు వాట్సాప్‌లో పంపేవాళ్లకి ఇంకో మాట. అక్కడ చాలా ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి. ఆ అంకెను రెండున్నరతో భాగిస్తే మన లెక్కలోకి వస్తుంది. అక్కడి 50 ఇక్కడి 20 అన్నమాట. ఈ సంగతి తెలియక అబ్బాయికి 50 ఉందని సంతోషించే అమ్మానాన్నలున్నారు.

జుట్టు ఊడుతోందని బయోటిన్ గోళీలు వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చేముందు ఆ మాట ల్యాబులో చెప్పండి. బయోటిన్ పెద్ద డోసులో వాడుతుంటే కొన్ని మిషన్లు డి విటమిన్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. రెండు మూడు రోజుల ముందే ఆపితే మంచిది. మొదటిసారి ఎక్కడ చేయించారో రెండోసారీ అక్కడే చేయించండి. ఒక్కో ల్యాబు పద్ధతి ఒక్కోలా ఉంటుంది, చోటు మారితే పెరిగిందో తగ్గిందో తేలదు.

మందు పేరు

ముందు వైపు "డి", "60కె", "బోన్", "స్ట్రాంగ్" లాంటి పెద్దక్షరాలుంటాయి. వాటిని వదిలేసి వెనక్కి తిప్పండి. అక్కడ కొలెకాల్సిఫెరాల్ అని ఉంటే అది డి3. ఎండ పడ్డప్పుడు మన చర్మం తయారుచేసేదీ ఇదే. రక్తంలో అంకె పెరగాలంటే మామూలు మనిషి కొనాల్సింది ఇదే. పక్కన ఐ.పి. అని ఉంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణానికి చేసిన మందు.

ఎర్గోకాల్సిఫెరాల్ అంటే డి2. ఈస్టు నుంచి, పుట్టగొడుగుల నుంచి వస్తుంది. ఇది కూడా పనిచేస్తుంది కానీ డి3 అంత పైకి తీసుకెళ్లదు, తీసుకెళ్లినా ఎక్కువకాలం నిలవదు. వారానికి ఒకటి, నెలకి ఒకటి వేసుకునే పెద్ద డోసుల్లో ఈ తేడా మరీ స్పష్టం. మన దగ్గర డి2 అరుదే. జంతువుల నుంచి వచ్చింది ఏదీ వద్దని ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ల డబ్బాల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. అలాంటివాళ్లకి రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్ నుంచి తీసిన డి3 కూడా దొరుకుతుంది. మామూలు డి3 గొర్రె ఉన్నిలోని జిడ్డు నుంచి తయారవుతుంది, గొర్రెకు ఏ హానీ ఉండదు.

అందరికంటే ఎక్కువగా బోల్తా పడేది కాల్సిట్రియాల్ దగ్గర. కాల్షియం, జింక్‌లతో కలిపి 0.25 మైక్రోగ్రాముల కాల్సిట్రియాల్ ఉన్న మెత్తటి క్యాప్సూల్స్ మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతాయి. ఇది నేనిందాక చెప్పిన చురుకైన హార్మోనే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, పారాథైరాయిడ్ గ్రంథి దెబ్బతిన్నవాళ్లకి ఇది నిజంగా అవసరం. కానీ నిల్వ తక్కువై వచ్చిన మనిషికి ఇది నిల్వను పెంచదు. కొన్ని గంటల్లో ఒంట్లోంచి పోతుంది, 25-హైడ్రాక్సీ టెస్టులో కనబడదు. "మూడు నెలల నుంచి రోజూ డి క్యాప్సూల్ వేసుకుంటున్నా, మళ్లీ 11 వచ్చింది" అంటూ వచ్చిన ఒక టీచరుగారి చేతిసంచీలో ఉన్నది సరిగ్గా ఇదే. గోళీలో ఏ లోపమూ లేదు, దాని పని వేరు. ఆల్ఫాకాల్సిడాల్ అని రాసి ఉన్నా ఇదే లెక్క. డాక్టర్ మీకు కిడ్నీ కోసం రాసి ఉంటే మాత్రం ఇది చదివి ఆపేయకండి, ఆయన్నే అడగండి.

కాల్సిఫెడియాల్ అని ఇంకొకటి వస్తోంది. తింటున్న డి3ని లివర్ ఏ రూపంలోకి మారుస్తుందో నేరుగా ఆ రూపంలోనే ఇస్తారు. అందుకే తొందరగా పెంచుతుంది. మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము చూస్తే డి3 కంటే మూడు రెట్ల పైనే. లివర్ జబ్బు ఉన్నవాళ్లకి, పేగుల్లో కొవ్వు సరిగ్గా ఒంటబట్టనివాళ్లకి, బాగా బరువున్నవాళ్లకి డాక్టర్లు రాస్తుంటారు. డి3 అనుకుని యూనిట్లతో పోల్చుకోకండి, దీని లెక్క పూర్తిగా వేరు. మీ అంతట మీరు కొనే మందు కాదిది.

రోజుకి ఎంత పడుతోంది

ఒక మైక్రోగ్రాము అంటే 40 ఐయూ, అంటే 40 అంతర్జాతీయ యూనిట్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే ఏ దేశం డబ్బా అయినా చదవొచ్చు. 60,000 ఐయూ అంటే ఒకటిన్నర మిల్లీగ్రాము మాత్రమే, గింజలో నలుసంత. సాచెట్‌లో మిగతాదంతా చక్కెరలాంటి పొడే.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న కాల్షియం షీటు తీయండి. చాలా వాటిలో కాల్షియం 500 మిల్లీగ్రాములు, డి3 250 ఐయూ అని ఉంటుంది. రోజుకి రెండు వేసుకున్నా 500 ఐయూ. జాతీయ పోషకాహార సంస్థ, అదే తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్, 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 600 ఐయూ కావాలి. మోటుగా చెప్పే లెక్క ఒకటుంది: రోజూ 100 ఐయూ చొప్పున రెండు మూడు నెలలు వాడితే అంకె సుమారు ఒకటి పెరుగుతుంది, ఒక్కోరికి అంతకంటే తక్కువే. అంటే ఆ రెండు గోళీలతో 9 ఉన్నవాళ్లు మహా అయితే 14 దగ్గరికి చేరతారు. కాల్షియం గోళీ వేసుకుంటున్నాను కాబట్టి డి కూడా వస్తోందనుకోవడం ఇందుకే పనికిరాదు.

బాగా తక్కువున్న పెద్దవాళ్లకి మన డాక్టర్లు మామూలుగా రాసేది వారానికి 60,000 ఐయూ చొప్పున 8 వారాలు. దాన్ని ఏడు రోజులకి పంచితే రోజుకి ఎనిమిదిన్నర వేలు. ఇది చికిత్స డోసు, అందుకే దానికి గడువుంటుంది. ఆ తర్వాత నెలకి ఒక 60,000, అంటే రోజుకి 2,000 లెక్క. లేదా రోజువారీ 1,000, 2,000 గోళీ. డాక్టర్ సలహా లేకుండా రోజుకి 4,000 ఐయూ దాటి ఎక్కువకాలం వాడకూడదన్నది పెద్దలకి పెట్టిన పై హద్దు.

రోజువారీ చిన్న గోళీయా, వారానికొక పెద్దదా అని అడుగుతారు. నా మొగ్గు రోజువారీ వైపే. యాభై దాటినవాళ్లకి రోజూ చిన్న డోసే మేలని 2024 మార్గదర్శకాలు కూడా అంటున్నాయి. కానీ రోజూ గుర్తుండదు అనేవాళ్లకి వారం గోళీయే నయం. సగం రోజులు మరిచిపోయే గోళీ వల్ల ఏం ఉపయోగం? వారంవారం 60,000 ఎనిమిది వారాలు వాడితే చాలామంది 30 దాటడం నేను రిపోర్టుల్లో చూస్తూనే ఉన్నాను.

బరువు ఎక్కువున్నవాళ్లకి ఇది చాలకపోవచ్చు. డి కొవ్వులో కరిగి అక్కడికే చేరిపోతుంది కాబట్టి, మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు కావాలని ఎండోక్రైన్ సొసైటీ 2011లో చెప్పింది. ఒకే ఇంట్లో భార్యాభర్తలు ఒకే కోర్సు వాడి ఒకరికి 38, ఇంకొకరికి 19 రావడానికి తరచుగా కారణం ఇదే. మందు నకిలీదేమోనని షాపు మీదికొచ్చే ముందు ఇది ఆలోచించండి.

సాచెట్, క్యాప్సూల్, నానో, ఇంజెక్షన్

పొడి సాచెట్, మెత్తటి క్యాప్సూల్, నమిలే గోళీ, చిన్న సీసాలో తాగే ద్రవం, ఇలా ఎన్నో రూపాలు. అన్నింట్లో అదే డి3, అదే 60,000 అయినప్పుడు పేగులు బాగున్న మనిషికి పెద్ద తేడా రాదు. నూనెలో కరిగించి నింపిన మెత్తటి క్యాప్సూల్ నాకిష్టం, నూనె దాంట్లోనే ఉంది కాబట్టి. అయితే అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, గుడ్డు కూడా ముట్టని ఇళ్లవాళ్లు క్యాప్సూల్ తొడుగు జెలటిన్‌తో చేస్తారని తెలిసి వెనక్కిస్తుంటారు. వాళ్లకి సాచెట్ లేదా నమిలే గోళీ ఇస్తాను. డి3 ఉన్ని జిడ్డు నుంచి వస్తుందన్న మాట కూడా అడిగినవాళ్లకి దాచను. కొందరు గురుస్వామిని అడిగి వస్తామంటారు, అది వాళ్లిష్టం.

నానో అని రాసి ఉన్న ద్రవం మందుని అతి సన్నటి బిందువులుగా చేసింది. నీళ్లలో కలిసిపోతుంది, కొవ్వు లేకపోయినా ఒంటబడుతుందని చెబుతారు. పిత్తాశయం, పాంక్రియాస్, పేగుల జబ్బులున్నవాళ్లకి, పేగులు కుదించే బరువు ఆపరేషన్ అయినవాళ్లకి దానికి డబ్బు పెట్టడంలో అర్థముంది. పప్పులో నెయ్యి వేసుకుని సుబ్బరంగా అరిగించుకునే మనిషికి ఆ అదనపు ఖర్చు దండగ.

గమ్మీల గురించి ఒక్క మాటే. డబ్బా మీద రాసిన డోసు ఒక గమ్మీదా రెండింటిదా చూడండి, చాలా వాటిలో రెండింటిది. పిల్లలు చాక్లెట్లలా తినేస్తారు, పైన పెట్టండి.

ఇక ఇంజెక్షన్. మూడు లక్షలు, ఆరు లక్షల యూనిట్లు కండకి చేస్తారు. "సూదైతే తొందరగా పనిచేస్తుంది" అని మనవాళ్లకి గట్టి నమ్మకం. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. నూనె మందు కండలోంచి మెల్లిగా, ఒక్కొక్కరిలో ఒక్కోలా రక్తంలోకి దిగుతుంది. నోటి ద్వారా వేసుకున్నదే ముందు పెరుగుతుంది. నోటి మందు ఒంటబట్టనివాళ్లకి, ఎంత చెప్పినా వాడనివాళ్లకి డాక్టర్లు సూది ఎంచుకుంటారు. ఒకేసారి భారీగా ఇవ్వడంలో ఇంకో చిక్కూ ఉంది. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్లకి ఏడాదికొక్కసారి నోటి ద్వారా 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గాల్సింది పోయి పెరిగాయి. 2010లో వచ్చిన ఫలితమిది. ఏడాది కోటా ఒక్కరోజే మింగేద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

దేంతో మింగాలి

డబ్బు ఖర్చు లేకుండా గోళీ బాగా ఒంటబట్టేలా చేసుకునే దారి ఇది, దీన్నే ఎవరూ పట్టించుకోరు. డి కొవ్వులో కరిగే విటమిన్. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ గోళీతో పాటు, లేదా నల్ల టీతో మింగితే కొంత భాగం ఒంటబట్టకుండానే పోవచ్చు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు, డోసు ఎంత వాడినా అంకె సరిగ్గా పెరగని కొంతమందిని అదే మందు రోజులో అన్నిటికంటే పెద్ద భోజనంతో వేసుకోమన్నారు. రెండు మూడు నెలల్లో వాళ్ల స్థాయి సగటున యాభై శాతం పైనే పెరిగింది. చిన్న అధ్యయనమే, 17 మందితో. అయినా పాటించడానికి పైసా ఖర్చు లేదు.

మన ఇళ్లలో పెద్ద భోజనం ఏదో మీకే తెలుసు. ముద్దపప్పులో నెయ్యి, గుడ్డు కూర, చేపల పులుసు, గట్టి పెరుగు, ఏదైనా సరే. వారం గోళీ వాడేవాళ్లకి నేను ఆదివారం మధ్యాహ్నం కూర వడ్డించుకున్నాక వేసుకోమంటాను. ఆదివారం కోడికూర మరిచిపోయే ఇల్లు మా ఖమ్మంలో లేదు కాబట్టి గోళీ కూడా మరిచిపోరు. శాకాహారులైతే ఏ రోజైనా నెయ్యన్నం తిన్నాక. సాచెట్ అయితే గ్లాసుడు వెన్న తీయని పాలలో కలిపి, అడుగున ఏమీ మిగలకుండా తాగాలి. నీళ్లలో కలిపితే పొడి గ్లాసుకి అంటుకుని కొంత సింకులోకి పోతుంది.

బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ వాడేవాళ్లు, కొలెస్ట్రాల్‌కి కొలెస్టైరమిన్ పొడి వాడేవాళ్లు డి గోళీని దానికి దూరంగా వేసుకోవాలి. రెండూ పేగుల్లో కొవ్వు ఒంటబట్టకుండా అడ్డుపడేవే, డిని కూడా వెంట తీసుకుపోతాయి. ఎంత ఎడం అన్నది మందు ఇచ్చినవాళ్లని అడగండి.

డబ్బా మీద ఇంకేం చూడాలి

మందుగా తయారైన దాని మీద మాన్యుఫాక్చరింగ్ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. ఆహార సప్లిమెంట్‌గా అమ్మేదాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల నంబరు ఉంటాయి. చికిత్స డోసుకి నేను మొదటి రకమే ఇస్తాను. రోజువారీ చిన్న డోసుకి రెండోదైనా తప్పేం లేదు, తెలిసిన తయారీదారైతే. జన ఔషధి కేంద్రంలో దొరికే డి3 కూడా నిక్షేపంగా వాడొచ్చు, ఈ మాట చెబితే మా మామగారికి కొంచెం కోపం.

వేడి, వెలుతురు డికి పడవు. ఎండ నుంచి వచ్చే విటమిన్ షీటులో ఉన్నప్పుడు మాత్రం ఎండకి పాడవుతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద, వంటింట్లో స్టవ్ పక్క కిటికీలో పెట్టిన సీసాను నమ్ముకోకండి. బీరువాలో పెట్టండి. రెండు వైపులా అల్యూమినియం ఉన్న షీటు, ముదురు రంగు సీసా అయితే మేలు.

అమెరికా నుంచి పిల్లలు పంపే పెద్ద డబ్బాలు మా కౌంటర్ మీదికి చాలా వస్తుంటాయి, "ఇది వాడొచ్చా" అంటూ. వాటి మీద 125 అని చూసి చాలా తక్కువుందే అనుకుంటారు. అవి మైక్రోగ్రాములు, అంటే 5,000 ఐయూ. రోజూ వేసుకోమని పంపిన ఆ గోళీకి తోడు ఇక్కడి డాక్టర్ రాసిన వారం గోళీ కూడా వేసుకుంటే లెక్క ఎక్కడికో పోతుంది. ఏదో ఒకటే వాడాలి. అక్కడ కొనేవాళ్లు యూఎస్‌పీ వెరిఫైడ్ (అక్కడి మందుల ప్రమాణాల సంస్థ పరీక్షించింది) అన్న గుర్తు చూసి కొనమని చెప్పండి. 2013లో అక్కడి షాపుల్లో అమ్మే, ఫార్మసీల్లో కలిపి ఇచ్చే డి గోళీల్ని పరీక్షిస్తే, రాసినదాంట్లో 9 శాతం నుంచి 146 శాతం దాకా ఎంతైనా ఉన్నట్టు తేలింది. అమెరికా డబ్బా కదా అని కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు.

విటమిన్ కె2 కలిపినవి ఇప్పుడు ఫ్యాషన్. డి అంకె పెరగడానికి కె2 అక్కర్లేదు. గుండె వాల్వు మార్చి ఎసినోకూమరాల్, వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందు వాడేవాళ్లయితే కె2 ఉన్నది అసలు తీసుకోకూడదు, ఆ మందు పనిని అది చెడగొడుతుంది.

ఎండ సరిపోదా

సరిపోవచ్చు, వేళ కుదిరితే. తిరుపతి స్విమ్స్‌లో జరిగిన పరిశోధనల్లో చర్మంలో డి బాగా తయారయ్యేది పొద్దున 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యలోనని తేలింది. పొలాల్లో పనిచేసే పల్లెటూరి వాళ్లలో పట్నం వాళ్లకంటే అంకె ఎక్కువుందని కూడా చూశారు. ఆరున్నరకి లకారం ట్యాంక్‌బండ్ మీద వాకింగ్ చేసి "రోజూ ఎండలోనే తిరుగుతున్నా" అంటే లాభం లేదు. ఆ లేత ఎండలో అవసరమైన కిరణాలు దాదాపు ఉండవు. అద్దం కిటికీ లోంచి వచ్చే ఎండ ఎంతసేపు పడ్డా అంతే. మా వేసవిలో మిట్టమధ్యాహ్నం నిలబడమని ఎవరికీ చెప్పలేను, చలికాలంలో మేడ మీద బట్టలారేస్తూ కాసేపు ఉంటే చాలు.

కోర్సు అయ్యాక

నాలుగు గోళీల షీటు అయిపోగానే కోర్సు అయిపోయిందనుకునేవాళ్లు చాలా ఎక్కువ. రాసింది ఎనిమిదైతే ఇంకో షీటు కొనాలి. రక్తంలో ఈ నిల్వ ప్రతి రెండు మూడు వారాలకి సగమవుతూ తరుగుతుంది. అంటే తర్వాతి మెయింటెనెన్స్ డోసు లేకపోతే, ఎండా తగలకపోతే, కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే. అలాగే కొత్త డోసు మొదలుపెట్టిన పది రోజులకే టెస్టుకి పరుగెత్తొద్దు. అంకె ఒకచోట స్థిరపడటానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అప్పుడు చూసుకుంటే డబ్బు దండగ కాదు.

మూడు నెలలు సరిగ్గా వాడినా కదలకపోతే డాక్టర్‌కి మీరు వాడే మిగతా మందుల చిట్టా మొత్తం చూపించండి. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, టీబీకి వాడే రిఫాంపిసిన్ డిని తొందరగా కరిగించేస్తాయి. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లకీ ఎక్కువ కావాలి. వీటిలో ఏదీ లేకపోతే పేగులకి, లివర్‌కి పరీక్షలు రాస్తారు.

అంకె పెరిగింది కాబట్టి అన్ని నొప్పులూ పోతాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. అమెరికాలో పాతికవేల మందికి పైగా చేసిన వైటల్ అధ్యయనంలో రోజుకి 2,000 ఐయూ ఇచ్చినా, డి లోపం ఉందో లేదో చూడకుండా ఎంచుకున్న ఆ మనుషుల్లో క్యాన్సర్లు గానీ గుండెపోట్లు గానీ ఎముకలు విరగడం గానీ తగ్గలేదు. నిజంగా లోపం ఉన్నవాళ్లకి ఎముకలు, కండరాలు బలపడతాయి. లేనివాళ్లకి పెద్దగా ఒరిగేది లేదు.

ఎక్కువైతే

వారానికొకటి అని రాసింది రోజుకొకటి అని చదువుకోవడం, మా ఊళ్లోనే కాదు, ఎక్కడైనా జరిగే ప్రమాదం. ఒక పెద్దాయన అలాగే రోజూ సాచెట్ కలుపుకుని తాగుతూ, అయిపోగానే మళ్లీ మళ్లీ కొనుక్కున్నారు, ఒక్కో షాపులో ఒక్కోసారి. వాంతులు, తగని దాహం, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, మతిమరుపు వస్తే షుగరేమో అనుకున్నారు. రక్తంలో కాల్షియం పెరిగిపోయింది, కిడ్నీ మీద పడింది. సెలైన్లు ఎక్కించి బయటపడేశారు. అప్పట్నుంచి మా షాపులో వారం గోళీ షీటు మీద మార్కర్‌తో నాలుగు ఆదివారాల తేదీలూ రాసిస్తున్నాం. మీరు కొన్నచోట రాయకపోతే ఇంటికెళ్లి మీరే రాసుకోండి.

కిడ్నీలో రాళ్లొచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, సార్కాయిడోసిస్ లేదా టీబీ ఉన్నవాళ్లు, బీపీకి థయజైడ్ రకం నీటి గోళీలు వాడేవాళ్లు, గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఏ డోసూ మొదలుపెట్టొద్దు. ఎముకల డాక్టర్ సూది చేశారు, ఆడవాళ్ల డాక్టర్ సాచెట్ రాశారు, అమ్మాయి అమెరికా డబ్బా పంపింది, ఇలా మూడు దిక్కుల నుంచి వచ్చి కలవడం కూడా మామూలే. ఒకే కాగితం మీద అన్నీ రాసి చూపిస్తే ఒక్క నిమిషంలో తేలుతుంది.

చంటిపిల్లల చుక్కల మందు దగ్గర ఇంకా జాగ్రత్త. ఏడాదిలోపు పిల్లలకి మామూలుగా రోజుకి 400 ఐయూ రాస్తారు. కానీ మన దగ్గర ఎంఎల్‌కి 400 ఉన్న సీసాలూ, 800 ఉన్న సీసాలూ పక్కపక్కనే అమ్ముతారు, అట్టపెట్టెలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. విదేశాల నుంచి తెచ్చేవాటిలో ఒక్క చుక్కలోనే 400 ఉన్నవీ ఉంటాయి. వాటిని మన లెక్కన ఒక ఎంఎల్ పోస్తే ఎన్నో రెట్లవుతుంది. సీసా మారినప్పుడల్లా ఎంఎల్‌కి ఎంతో చదవండి, ఆ సీసాతో వచ్చిన డ్రాపరే వాడండి, పాత సీసా డ్రాపర్ పారేయండి. అమ్మమ్మగారింటికి పంపేటప్పుడు ఎంత పోయాలో స్టిక్కర్ మీద తెలుగులో రాసి సీసాకి అంటించి పంపండి.